గోడ పక్కన అర బకెట్

నేను ముప్పై ఏళ్ళు నారాయణగూడలో ఒక ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. ఈ మాట ముందే చెప్పేస్తే, తర్వాత జరిగింది చదివి మీరు నవ్వుకోవడానికి వీలుగా ఉంటుంది. రిటైరయ్యాక ఒక చిన్న ఎలక్ట్రిక్ కారు కొనుక్కున్నాను. పెళ్ళి చేసుకోలేదు. చిక్కడపల్లిలో ఒక పాత అపార్టుమెంటులో, మొదటి అంతస్తులో ఒక్కదాన్నే ఉంటాను. కారు దేశాలు తిరగడానికి కాదు. కూరగాయలకు నారాయణగూడ మార్కెట్టుకీ, పుస్తకాలకు అశోక్ నగర్ లైబ్రరీకీ, మోకాళ్ళ డాక్టరు కోసం బర్కత్‌పురకీ. ఆటోవాళ్ళతో వాదించే ఓపిక అయిపోయి కొన్నాను.

ఆ కారు ఈ ఏడాది మార్చిలో ఛార్జింగు ఎక్కడం మానేసింది.

పూర్తిగా మానేసినా బాగుండేది. కింద పార్కింగులో ప్లగ్గు పెట్టగానే గోడ మీది ఛార్జరు పెట్టెకు పచ్చ లైటు వెలిగేది. పైకి వచ్చి కాఫీ కలుపుకుని కిటికీలోంచి తొంగి చూస్తే ఎర్ర లైటు. దిగివెళ్ళి ప్లగ్గు తీసి మళ్ళీ పెడితే పచ్చ. నేను నాలుగు మెట్లు ఎక్కానో లేదో మళ్ళీ ఎర్ర. మోకాళ్ళు అరిగిన మనిషితో ఆడుకోవడం దానికంత సరదా ఎందుకో నాకర్థం కాలేదు. నెల తిరిగేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

నోటుబుక్కు తీశాను. ఏ ప్రయోగమైనా ముందు రాసుకోవాలి, తర్వాత ఆలోచించాలి అని పిల్లల్ని సతాయించినదాన్ని కదా. ఎన్ని గంటలకు పెట్టాను, ఎన్ని నిమిషాలకు ఆగింది, అప్పుడు లిఫ్టు నడుస్తోందా, పై ఫ్లాట్లలో ఏసీలు తిరుగుతున్నాయా, అన్నీ గీతలు గీసి రాశాను. లిఫ్టు మీద నాకు గట్టి అనుమానం. మూడో అంతస్తు ఆవిణ్ణి బతిమాలి, నేను ఛార్జరు ముందు నిలబడి ఉండగా ఆవిడను లిఫ్టులో పైకీ కిందికీ ఆరుసార్లు తిప్పించాను. ఆవిడకు కళ్ళు తిరిగాయి కానీ పచ్చ లైటు చలించలేదు. ఆవిడ ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాక ఎర్రబడింది.

కంపెనీవాళ్ళకు ఫోను చేస్తే వారం తర్వాత ఒకతను లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. దానికి ముందురోజే వడగళ్ళతో పెద్ద వాన పడింది. అతను కారుకు ఏదో తీగ తగిలించి గంటసేపు చూశాడు. ఆ గంటా కారు బుద్ధిమంతురాలిలా ఛార్జింగు తాగుతూ కూర్చుంది.

"అంతా బాగానే ఉంది మేడం. మీరు ప్లగ్గు సరిగ్గా నొక్కడం లేదేమో."

ప్లగ్గు నొక్కడం రాదట నాకు! ఆ కుర్రాడి వయసుకంటే నా సర్వీసు ఎక్కువ. కాఫీ ఇద్దామని పెట్టిన పాలు స్టవ్ మీంచి దించేశాను.

కానీ వాన పడ్డాక రెండు రోజులు నిక్షేపంగా ఎక్కిన మాట నిజం. మూడో రోజు మళ్ళీ ఎర్ర. అక్కడ దొరికింది నాకు సిద్ధాంతం. ఎండలకు పెట్టె వేడెక్కి ఆగిపోతోంది, వానకు చల్లబడి పనిచేసింది. ఇంతకంటే తేలికైన సంగతి ఉంటుందా? ఇంట్లోంచి టేబుల్ ఫ్యాను దింపి, స్టూలు మీద పెట్టి, ఛార్జరుకు గాలి కొట్టించాను. పార్కింగులో బళ్ళు తీసేవాళ్ళంతా ఆగి చూసి వెళ్ళారు. ఫ్యాను తిరుగుతూనే ఉంది, ఎర్ర లైటు వెలిగింది.

మా వీధి చివర ఉండే ఎలక్ట్రీషియన్ను పిలిస్తే అతను బ్రేకరు మార్చాడు, ఎర్తు తీగను రెండుసార్లు లాగి చూసి గట్టిగానే ఉందన్నాడు, వోల్టేజీని తిట్టి వెళ్ళాడు.

ఇలా రోజుకు నాలుగుసార్లు పార్కింగులోకి దిగడం వల్ల, ఎన్నాళ్ళుగానో తప్పించుకుంటున్న చోటు నా కంట పడటం మొదలైంది. గేటు ముందర. అక్కడ ఇప్పుడు ప్లాస్టిక్ ముగ్గు ఒకటి అతికించి ఉంది. పసుపూ ఎరుపూ రంగుల్లో పద్మం, దాని మీద టైర్ల మరకలు. గేటు పక్కన, ప్రహరీగోడ వారన, జానెడు వెడల్పున మట్టి నేల ఉంది. అందులో ఒకప్పుడు బంతిమొక్కలుండేవి. ఇప్పుడు ఎండిపోయిన పుల్లలు, నెర్రెలిచ్చిన మట్టి.

అది మా వాచ్‌మన్ భార్య చోటు.

మహబూబ్‌నగర్ అవతల ఏదో పల్లె వాళ్ళది. పొలంలో నాలుగుసార్లు బోరు వేస్తే నాలుగుసార్లూ దుమ్మే వచ్చిందట. ఆ తర్వాత మొగుడూ పెళ్ళాం పట్నం వచ్చి, మా మెట్ల కింద గదిలో పద్నాలుగేళ్ళున్నారు. అతను పొద్దంతా మేస్త్రీ పనులకు పోయి, సాయంత్రం నుంచి గేటు చూసుకునేవాడు. పగలంతా అపార్టుమెంటు ఆమెదే. నాకు తెల్లవారడమంటే ఆమె చీపురు చప్పుడే. ఊడ్చి, బకెట్టుతో నీళ్ళు చల్లి, ముగ్గు పెట్టేది. మా గుంటూరు వైపు కల్లాపి అంటాం. ఆమె సాన్పి అనేది. ఆ తడి మట్టి వాసన మా వంటింటి కిటికీ దాకా వచ్చేది. ఇప్పుడు అంత పొద్దున్నే మెలకువ వచ్చి పడుకునే ఉంటాను. ఏమీ వినబడదు. కొన్నాళ్ళు చెవిలో ఏదో లోపం వచ్చిందేమో అనిపించింది.

కారు వచ్చాక ఆదివారాలు నాతో పాటు మార్కెట్టుకు ఆమె కూడా వచ్చేది. వెనక కూర్చోమంటే ఒప్పుకునేది కాదు. "ఎనక కూసుంటే కడుపుల తిప్పుతది మేడం" అని ముందు సీట్లో కూర్చుని, పొట్టి మనిషి కదా, రోడ్డు కనబడాలని సీటును ఆఖరి దాకా ముందుకు జరుపుకునేది. గుడ్డ సంచీ ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకునేది. నారాయణగూడ ఫ్లైఓవరు కింద సిగ్నల్ పడితే నాకంటే ముందు ఆమె చెప్పేది, "ఎర్రది పడ్డది, ఆపుండ్రి" అని. మార్కెట్టులో నన్ను నోరెత్తనిచ్చేది కాదు. వంకాయలు ఏరుతూ, "మా మేడం సదువుకున్నామె, నీకు లెక్క తెల్వదనుకున్నవా ఏంది" అని కూరగాయలామెతో పోట్లాడేది. వచ్చే దారిలో మిరపకాయ బజ్జీలు కారులోనే తినేవాళ్ళం. నాతో అంత తీరిగ్గా కూర్చుని తిన్న మనిషి, మా అమ్మ పోయాక, ఆమె ఒక్కతే. ఆ సంగతి ఆమె ఉన్నప్పుడు నాకు తెలియలేదు.

పోయిన ఏడాది ఎండాకాలం నీళ్ళకు కటకటలాడాం. బోరు ఎండిపోయింది, రోజు విడిచి రోజు ట్యాంకరు. అందరి మొహాలూ కందగడ్డల్లా ఉండేవి. ఆ రోజుల్లో ఒక పొద్దున కిటికీలోంచి చూశాను. ఆమె చెంబెడు నీళ్ళతో సాన్పి చల్లేసి, మిగిలిన అర బకెట్టునూ గోడ వారన ఆ మట్టిలో కుమ్మరించింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నాకు ఒళ్ళు మండింది. నేను స్నానానికి ఒక బకెట్టు కొలుచుకుని పోసుకుంటుంటే ఈవిడ బంతిమొక్కలకు అర బకెట్టా?

అప్పుడే ఆమెతో చెప్పి ఊరుకుంటే సరిపోయేది. పార్కింగులో కుర్చీలు వేసుకుని మీటింగు పెట్టుకున్నప్పుడు, అందరి ముందూ అన్నాను. "నీళ్ళు ఎక్కడ పోతున్నాయో వెతకడమెందుకు? రోజూ అర బకెట్ గోడ పక్కన పారబోస్తుంటే కళ్ళారా చూస్తున్నాను." ఆమె స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. అందరూ ఆమె వైపు తిరిగారు. ప్రెసిడెంటు గారు "ఏమ్మా, నిజమేనా?" అన్నారు. ఆమె నా వైపు చూసింది. ఏదో అనబోయి, కొంగు భుజం మీదకు లాక్కుని, "పోసిన సార్, తప్పయింది" అంది.

మర్నాటి నుంచి నాకు ఆ బకెట్టు చప్పుడు వినబడలేదు. చెబితే వింటుంది, మంచిదే అనుకున్నాను.

కానీ మాట ఒకసారి బయటపడ్డాక నా చేతిలో లేకుండా పోయింది. నీళ్ళు పారబోస్తారు, కరెంటు వాడతారు, ఆ గది ఊరికే ఇచ్చాం, కెమెరాలు పెట్టించుకుంటే పోయేదానికి మనుషులెందుకు. ఒకరొకరూ అందుకున్నారు. దసరా వెళ్ళాక మళ్ళీ మీటింగు. కెమెరాలకు ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమన్నారు. నేనూ ఎత్తాను. కెమెరాలొచ్చినా వాళ్ళుంటారులే అనుకున్నానని తర్వాత నాకు నేను చెప్పుకున్నాను గానీ, అది అబద్ధం. నాకు తెలుసు.

దీపావళి లోపల వాళ్ళు వెళ్ళిపోయారు. ఆటో ట్రాలీలో రెండు ట్రంకుపెట్టెలు, మంచం, గ్యాసు పొయ్యి. పైకి వచ్చి "పోతున్న మేడం" అంది. నేను ఒక చీర చేతిలో పెట్టాను. ఆమె కళ్ళకద్దుకుంది. ఆ తర్వాత ఎన్నిసార్లో ఆమె నంబరు తీశాను, నొక్కలేదు.

ఇక ఏప్రిల్ చివరికి నా కారు ఊరికే బొమ్మలా నిలబడింది. చివరికి గుర్తొచ్చింది, ఛార్జరు బిగించిన మొదటి ఎలక్ట్రీషియన్ను పిలవనే లేదని. అప్పట్లో దోమలగూడ నుంచి వచ్చి రెండు రోజులు పనిచేసి వెళ్ళాడు. నంబరు పోయింది. నారాయణగూడలో స్విచ్చులు కొన్న షాపులో అడిగితే, వాళ్ళు వెతికి ఇచ్చారు.

అతను వచ్చి కారు వైపు చూడలేదు, పెట్టె వైపు చూడలేదు. తిన్నగా గోడ వారకు వెళ్ళి, ఎండు పుల్లల మధ్య ఉన్న చిన్న సిమెంటు మూతను కాలితో తట్టాడు.

"ఇది ఇట్ల ఎండవెట్టిండ్రేంది మేడం? నీళ్ళు ఎవరు పోస్తున్నరు?"

"ఏ నీళ్ళు?"

"ఎర్తింగ్ గుంత మేడం ఇది. మీ బండి కోసమే కొత్తగ తోడిన గద. కొత్త బండ్లు మొండివి, ఎర్తు మంచిగ లేకపోతే కరెంటు తీసుకోవు. ఎండకాలం రోజు ఇంత నీళ్ళు పడాలె."

లోతుగా గొయ్యి, అందులో లోహపు కడ్డీ, చుట్టూ బొగ్గూ ఉప్పూ, తడి ఆరకుండా నీళ్ళు. ముప్పై ఏళ్ళు బ్లాక్ బోర్డు మీద ఆ బొమ్మ నా చేత్తోనే వేశాను. మట్టి ఎండితే కరెంటు భూమిలోకి పోవడానికి దారి ఉండదని పరీక్షలో రాయని పిల్లకు మార్కులు కోశాను. వాన పడ్డాక రెండు రోజులు ఛార్జింగు ఎందుకెక్కిందో నాకు తట్టలేదు. ఫ్యాను పెట్టాను!

"ఈ సంగతి నాకెందుకు చెప్పలేదు నువ్వు?"

"మీరు అప్పుడు పైన ఉన్నరు మేడం. ఈడ అక్క ఉండె గద, వాచ్‌మన్ అక్క. గుంతల ఏద్దమంటే ఇస్త్రీ బండి కాడికి పోయి బొగ్గులు అడుక్కచ్చింది, ఉప్పు ఆమె ఇంట్లకెల్లే తెచ్చింది. ఆమెకే చెప్పిన. అక్కా, రోజు అర బకెట్ పొయ్యాలె, మర్చిపోతే మేడం బండి నడువదు అని. నేను చూసుకుంట తమ్మీ అన్నది." అటూ ఇటూ చూశాడు. "ఏది, అక్క లేదా?"

వాళ్ళు వెళ్ళిపోయారన్నాను. అతనే కుళాయి దగ్గరికి వెళ్ళి నాలుగు బకెట్లు తెచ్చి పోశాడు. నేను పైకెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చాను. మట్టి బుసబుసమంటూ తాగింది. మీటరు పెట్టి నీళ్ళకు ముందు చూసిన రెసిస్టెన్సు అంకె, గంట తర్వాత చూసిన అంకె నాకు చూపించాడు, ఎంత దిగిందో. ప్లగ్గు పెట్టమన్నాడు. పచ్చ లైటు వెలిగింది. ఆ లైటు చూస్తూ మెట్ల మీద కూర్చున్నాను. నాలుగు బోర్లు వేసి చుక్క చూడక ఊరు విడిచొచ్చిన మనిషి ఊరికే నీళ్ళు పారబోస్తుందా అని, ఆ రోజు నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

అతను వెళ్ళగానే ఫోను చేశాను. ఆరు నెలలు నొక్కలేని నంబరు.

"ఎవ్వరు?" అంది. వెనక ఇసుక జల్లెడ పడుతున్న చప్పుడు.

"నేనమ్మా."

"మేడమా! మంచిగున్నరా? మోకాళ్ళు ఎట్లున్నయి?" అని, నేను బదులు చెప్పే లోపలే, "బండి నడుస్తున్నదా మేడం?" అంది.

నడుస్తోందన్నాను. గుంత తోడిన ఎలక్ట్రీషియను వచ్చి అంతా చెప్పాడన్నాను.

"ఆ రోజు మీటింగులో ఎందుకు చెప్పలేదే?" అన్నాను. ఆమెను నేనెప్పుడూ 'ఏమే' అని పిలవలేదు. అప్పుడు వచ్చేసింది. "ఆ నీళ్ళు మీ కారుకే అని నా మొహం మీద అనొచ్చు కదా!"

"గంతమందిల ఎట్ల అంట మేడం? ఆ పెట్టె వెట్టేటప్పుడే మీతోని ఎంత లొల్లి చేసిండ్రు. మంటలు లేస్తయని ఒకలు, జాగ పోతదని ఒకలు. మీ బండికి రోజు అర బకెట్ నీళ్ళు గావాలె అని తెలిస్తే ఊకుందురా? మర్నాడే పీకి పారేద్దురు. నన్నంటే ఏమయితది, ఒక మాట. పడ్డ."

నిజమే. ఛార్జరు పెట్టించడానికి నేను నాలుగు నెలలు కాళ్ళరిగేలా ఒక్కో ఫ్లాటుకూ తిరిగాను. ఆ లొల్లంతా ఆమె చూసింది.

"మరి మర్నాటి నుంచి బకెట్టు చప్పుడు వినబడలేదు?"

"మీరు లేవకముందుకే పోస్తుంటి. మీ కండ్లవడితే మళ్ళ కోపం చేస్తరని." నవ్వింది. "బంతిచెట్లు బతికినయా?"

లేదన్నాను. తిరిగి వచ్చేయమన్నాను. మీటింగులో నేనే మాట్లాడతాను, ఆ గది ఇప్పిస్తాను, జీతం సంగతి నేను చూసుకుంటాను. ఏమేమి అన్నానో నాకే తెలియదు. ఆమె అంతా విన్నది.

"యాడికొస్తం మేడం. ఈడ సైటుల ఇద్దరికీ పని దొరికింది. మంచిగనే ఉన్నం." ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. "మీరే రాండ్రి ఒక్కనాడు బండేసుకొని. ఊరవతల గాని, మా సైటు ఇంజనీరు సారుకు మీ అసొంటి బండే ఉన్నది. అడిగిన. చిక్కడపల్లిల నిండా ఛార్జింగ్ ఎక్కిచ్చుకుంటే ఈడికొచ్చి మళ్ళ పోవచ్చు అన్నడు. నడుమల ఆగదంట."

మరుసటి మీటింగులో లేచి నిలబడి అంతా చెప్పాను. ఆ నీళ్ళు నా కారుకేననీ, ఆ తప్పు నాదేననీ. ప్రెసిడెంటు గారు మంచి మనిషే. "అయిపోయినదానికి ఇప్పుడెందుకు మేడం గారూ, బాధపడకండి" అన్నారు. ఎవరో ఒక చిన్న పైపు వేయించుకోమని సలహా చెప్పారు. గది అడిగితే, అందులో ఇప్పుడు పాత సోఫాలూ పిల్లల సైకిళ్ళూ ఉన్నాయన్నారు. ఆ తర్వాత లిఫ్టు రిపేరు గురించి మాట్లాడుకున్నారు.

పైపు వేయించలేదు. పొద్దున్నే నేనే దిగుతున్నాను. స్నానానికి పట్టుకున్న బకెట్టులోంచి సగం తెచ్చి పోస్తాను. నాకు బరువే, మధ్యలో రెండుసార్లు దింపుతాను. ప్లాస్టిక్ ముగ్గు పక్కన నాలుగు చెంబులు చల్లితే ఆ వాసన వస్తుంది గానీ, పైన వంటింట్లో నిలబడి పీల్చినప్పటిలా ఉండదు. బంతి విత్తనాలు చల్లాను. రెండు మొలిచాయి.

కారు పొద్దున ప్లగ్గు పెడితే మధ్యాహ్నానికి నిండిపోతోంది. ఒక్కసారి కూడా ఎర్ర లైటు రాలేదు. ఆమె ఫోనులోనే చెప్పిన సైటు చిరునామా నోటుబుక్కులో, లిఫ్టు లెక్కల కింద రాసుకున్నాను. ఎంత దూరమో చూశాను, ఇంజనీరు చెప్పింది నిజమే, వెళ్ళి రావచ్చు. ప్రతి ఆదివారం తయారై, సంచీలో ఆమెకిష్టమైన బజ్జీలకు లావు మిరపకాయలు కొనిపెట్టుకుని, కారెక్కుతాను. పక్క సీటు ఇంకా ఆఖరి దాకా ముందుకే జరిగి ఉంది, వెనక్కి తోయలేదు. గేటు దాటుతాను, నారాయణగూడ సిగ్నల్ దాకా వెళ్తాను. ఎర్రది పడితే ఆగుతాను. పచ్చది పడ్డాక ఇంటికి తిప్పేస్తాను. బండిలో ఛార్జింగు నిండా ఉంది, వెళ్ళడానికి నాకే ముఖం చెల్లడం లేదు.